సుత్తి దిగాక వచ్చిన చప్పుడు

"నాకు పిచ్చి పట్టలేదు. మీరు పట్టించారు. వీడు నా కొడుకు, ఇది నా కూతురు, అదిగో గోడకి ఆనుకుని నిలబడింది నా కోడలు. ముగ్గురూ కలిసి పట్టించారు. పైవాళ్లెవరూ కాదు."

మిషనమ్మ హాలు మధ్యలో కూర్చుని ఉంది. కుర్చీలో కాదు, కూతురు పొద్దుటే సర్దిపెట్టిన సూట్‌కేసు మీద. ఆమె లేస్తే తప్ప ఆ సూట్‌కేసు గడప దాటదు. ఆమె లేచేలా లేదు.

"అమ్మా, సూట్‌కేసు విరుగుతుంది," అంది కూతురు.

"విరగనీ. నీ డబ్బులతో కొన్నదేగా."

ఆ వీధిలో అందరికీ ఆమె మిషనమ్మే. ఇంటి ముందుగది ఆమె కుట్టుకొట్టు. దాని వెనక హాలు. షట్టర్ ఎత్తి, మధ్య తలుపు తీసిపెడితే రోడ్డు మీద పోయేవాడికి హాల్లో టీవీ దాకా కనిపిస్తుంది. కొడుక్కి ఎప్పటినుంచో అదే నామోషీ. "మన ఇల్లు బస్టాండులా ఉంది" అని సణిగేవాడు. ఇన్నాళ్లకి ఆ సణుగుడికి ఒక డాక్టరు మాట తోడు దొరికింది. షట్టర్ దించాడు. తాళం వేశాడు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. మతి నిలవని మనిషి చేతిలో కత్తెర ఉండకూడదట.

మనిషిని ఇంట్లో బంధించి దానికి జాగ్రత్త అని పేరు పెట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లెవరూ గొంతు పెంచరు. మెత్తగా, నవ్వుతూ, ముద్దుగా మాట్లాడతారు. ఆ మెత్తదనమే నాకు ఒళ్లు మండిస్తుంది.

"నాలుగు రోజులు మా ఇంట్లో ఉండు. గాలి మారుతుంది. నేను నర్సుని, నాకు తెలియదా?" అంది కూతురు, కిటికీ పరదా సరిచేస్తూ.

"ఏమంటున్నావు?"

"గాలి మారుతుందంటున్నా."

"ఇటు తిరిగి చెప్పు. కిటికీకి చెప్తే నాకెలా తెలుస్తుంది? ఈ ఇంట్లో అందరూ గోడలతో మాట్లాడటం నేర్చుకున్నారు. మళ్లీ మతి పోయింది నాకట."

మిషనమ్మ పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. వయసులో ఉన్నప్పుడు పెద్ద బట్టల ఫ్యాక్టరీలో కుట్టింది. వందల మిషన్లు ఒక్కసారి మొదలైతే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అక్కడి ఆడవాళ్లు పెదాలతోనే మాట్లాడుకునేవారు. సూపర్‌వైజరుని తిట్టుకోవడానికి అంతకంటే మంచి పద్ధతి ఇంకోటి లేదు. ఆ హోరు ఆమె కుడిచెవిని మొత్తంగా, ఎడమచెవిని సగం తినేసింది. ఫ్యాక్టరీ వాళ్లు చెవులు తీసుకున్నారు. పెదాలు చదివే విద్యను మాత్రం వెనక్కి లాక్కోలేకపోయారు.

ఇక మిగిలింది సగం చెవీ, రెండు కళ్లూ. మాట, మూతి ఒకటిగా వస్తేనే ఆమెకు లోకం అర్థమవుతుంది.

ఆ రెండిటినీ విడదీసింది టీవీ పక్కనున్న నల్లటి వీడియో ప్లేయర్.

అది వీళ్ల ల్యాబ్‌లో పాసై వచ్చింది. కొడుకూ కోడలూ ఇద్దరూ పనిచేసేది ఆ ల్యాబ్‌లోనే. ఇళ్లలో పెట్టుకునే ప్లేయర్లు బజార్లోకి వచ్చేముందు అక్కడికి వెళ్తాయి. బొమ్మ ఎలా ఉందో, సౌండ్ ఎలా ఉందో చూసి, బాగుంటే పెట్టె మీద ఆకుపచ్చ స్టిక్కర్ వేస్తారు. కొడుకు బొమ్మ గదికి పెద్ద. వాడి కళ్లను చూసి ఆఫీసులో అందరూ గద్ద అంటారు. కోడలు సౌండ్ గదికి పెద్ద. ఈ ప్లేయర్ పాసైనప్పుడు స్టాఫ్‌కి తలా ఒకటి ఇచ్చారు.

అది వచ్చిన దగ్గర్నుంచి మిషనమ్మ ఒకే మాట చెప్తోంది. "మూతి మూసుకున్నాక మాట వస్తోందిరా."

కొడుకు వచ్చేవాడు. ప్లేయర్ ఆపి, మళ్లీ ఆన్ చేసేవాడు. కాసేపు నిలబడి చూసేవాడు. "బాగానే ఉంది కదమ్మా" అనేవాడు. వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నానికి మళ్లీ అదే గొడవ. ముందు విసుక్కున్నాడు. తర్వాత జాలిపడ్డాడు. జాలిపడ్డ రోజున అక్కకి ఫోన్ చేసి "అమ్మకి మొదలైంది" అన్నాడు. అక్క, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చెప్పింది. డాక్టరు తల ఊపాడు. ఆ తల ఊపుడు బంధువుల ఇళ్లకీ, ఆ తర్వాత జాకెట్లు కుట్టించుకునే వాళ్ల ఇళ్లకీ పాకింది. పోయిన ఆదివారం వచ్చిన చుట్టాలందరి ముందూ ఆమె టీవీ మీద దుప్పటి కప్పేసి, "దీంట్లో మాట ఒకటి, మూతి ఒకటి" అనేసరికి, ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

ఆమెకి మాత్రం ఒక అనుమానం ఉంది. అది ఇవాళ బయటపెట్టింది.

"అమ్మాయ్," అంది కోడలి వైపు తిరిగి. "నీ చెవులకి ల్యాబ్‌లో జీతం ఇస్తారు కదా."

కోడలు తల ఊపింది.

"పక్కింట్లో కుళాయి కారుతుంటే మన వంటింట్లోంచి పసిగడతావు. నా మిషనుకి నూనె తక్కువైతే నాకంటే ముందు నువ్వే చెప్తావు. మరి ఈ టీవీ ముందు ఒక్కరోజైనా కూర్చుని, కళ్లు తెరుచుకుని విన్నావా?"

"దాన్నెందుకు లాగుతావమ్మా ఇందులోకి?" అన్నాడు కొడుకు.

"నిన్ను అడగలేదు. నువ్వు ఇంట్లో కూడా సౌండ్ తీసేసి చూస్తావు. నీ మొహం ముందు ఇల్లు కాలుతున్నా మంట రంగు బాగుందంటావు."

కూతురు నవ్వబోయి ఆపుకుంది.

కోడలు గోడని వదిలి ముందుకొచ్చింది. వచ్చి, అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది. పెదాలు కనిపించేలా మొహం ఎత్తింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఒకరు చేసిన మర్యాద అది.

"లేదత్తయ్యా. వినలేదు."

"ఎందుకని?"

"మా గదిలో టీవీ మీద నల్లగుడ్డ వేసి ఉంటుంది. బొమ్మ చూస్తూ వింటే కన్ను చెవిని మోసం చేస్తుందని మా ల్యాబ్ పెద్దాయన రూలు. అలవాటైపోయింది. ఇంట్లో కూడా కళ్లు మూసుకునో, వంట చేస్తూనో వింటాను. చూస్తూ వినడం నాకు చేతకాదు."

"మరి నాకు చేతనవును. అందుకని నాకు పిచ్చా?"

కోడలు టీవీ వైపు చూసింది. దుప్పటి ఇంకా దాని మీదే ఉంది. పక్కన ప్లేయర్ దీపం వెలుగుతోంది.

"ఇది ఎప్పట్నుంచి ఆన్‌లో ఉంది?"

"పొద్దున కాఫీ కంటే ముందు పెట్టాను. సీరియల్ భాగాలన్నీ వరసగా ఎక్కించి ఇచ్చాడుగా మీ ఆయన. ఒకదాని వెనక ఒకటి అవే నడుస్తాయి. చూడ్డం మానేశాను గానీ ఆపడం ఎందుకు, నా వాళ్లు నాతో మాట్లాడకపోయినా అది మాట్లాడుతోంది కదా అని."

కోడలు లేచి దుప్పటి లాగేసింది. రిమోట్ తీసి సౌండ్ పెంచింది.

"ఆగు, ఆగు," అన్నాడు కొడుకు, స్విచ్ వైపు వెళ్తూ. "చూస్తే సరిగ్గా చూడాలి. ముందు ఆపి ఆన్ చేద్దాం. కొత్తగా మొదలుపెట్టకుండా చూడ్డం పద్ధతి కాదు."

కోడలు అతని చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"ఆపొద్దు."

"పద్ధతి..."

"మీరు అమ్మ కోసం చూసిన ప్రతిసారీ ఆపి ఆన్ చేశారు కదూ?"

"మరి చెయ్యకుండా ఎలా?"

"ఇవాళ చెయ్యొద్దు. అలా నిలబడి చూడండి."

తెర మీద కోర్టు సీను నడుస్తోంది. మీసాల లాయరు వేలు చూపించి ఏదో అడుగుతున్నాడు. అడగడం అయిపోయింది, నోరు మూశాడు. బోనులో ఉన్న ఆడమనిషి జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఆ తెరిచిన నోట్లోంచి లాయరు బొంగురు గొంతు చివరి ముక్క బయటికొచ్చింది. ఆమె కళ్లనిండా నీళ్లు. గొంతు మాత్రం మీసాలాయనది.

కూతురు ఫక్కున నవ్వింది. నవ్వి, తమ్ముడి మొహం చూసి, నవ్వు మింగేసింది.

జడ్జి సుత్తి ఎత్తాడు. బల్ల మీద దించాడు. చప్పుడు లేదు. సుత్తి పక్కన పెట్టేసి కళ్లజోడు సర్దుకున్నాడు. అప్పుడు వినిపించింది, ఠక్‌మని.

టీవీలో ఒకళ్ల నోళ్లలో ఒకళ్ల మాటలు పడి దొర్లుతున్నాయి. మిషనమ్మ టీవీ చూడటం లేదు. కొడుకు మొహం చూస్తోంది. పెదాలు కదులుతాయేమోనని చూస్తోంది.

"చెప్పరా గద్దా," అంది. ఆ పేరుతో తల్లి పిలవడం అదే మొదటిసారి. "బొమ్మ బాగుందా?"

"బొమ్మ... బాగానే ఉంది," అన్నాడు. అలవాటు అలాంటిది.

"సౌండూ బాగానే ఉంది," అంది కోడలు. "ఎక్కడా గరగర లేదు, గుయ్యిమనడం లేదు. నేను ఇచ్చిన మార్కులు ఇప్పుడు మళ్లీ ఇమ్మన్నా ఇస్తాను."

చూశారా. ఇద్దరూ నిజమే చెప్పారు. గదికొక నిజం. ఆ రెండు నిజాల మధ్య గోడ కట్టిన పెద్దాయన దాన్ని శాస్త్రం అన్నాడు. ఆ గోడ సందులో పడి నలిగింది ఒక కుట్టుమనిషి.

"మొదలుపెట్టినప్పుడు రెండూ కలిసే బయల్దేరతాయి," అంది కోడలు, అత్తగారికి అర్థమయ్యేలా నెమ్మదిగా. "ఆడేకొద్దీ మాట వెనకబడుతోంది. ఆపి ఆన్ చేస్తే మళ్లీ సర్దుకుంటుంది. మా ల్యాబ్‌లో ఆడించే ముక్క టీ చల్లారేలోపు అయిపోతుంది. ప్రతి ముక్కకీ ముందు ఆపి ఆన్ చేస్తాం. అంటే మేం పరీక్ష చేసిన ప్రతిసారీ దాని తప్పుని మేమే తుడిచేసి, తర్వాత మార్కులు వేశాం."

"నేను గంటల తరబడి దాని ముందు కూర్చుని అంచులు కుడతాను," అంది మిషనమ్మ.

"అవును. అలా కూర్చున్నది మీరొక్కరే."

కూతురు సోఫాలో కూలబడింది. "నాకేం తెలుసు? తమ్ముడు చెప్పాడు, అమ్మకి మాట ఒకటి, మూతి ఒకటి కనిపిస్తున్నాయట అని. అలా చెప్తే ఎవరైనా అదే అనుకుంటారు. నేను కావాలని..."

"ఒక్కసారైనా నా పక్కన కూర్చుని చూశావా?"

"డ్యూటీలు ఉంటాయి కదమ్మా."

"రోగిని చూడకుండా రోగం చెప్పడం కూడా డ్యూటీలో భాగమేనా? ఆ డాక్టరు కూడా అంతే. నన్నేమీ అడగలేదు. మీ ఇద్దర్నీ అడిగాడు. నేను బల్ల మీదున్న పువ్వుల కుండీలా కూర్చున్నాను."

కూతురు తల దించుకుంది. లేచి, సూట్‌కేసు మీద వేలాడుతున్న ఊరి పేరు చీటీని పీకి గుప్పిట్లో నలిపింది. అది క్షమాపణ కాదు. కానీ క్షమాపణ దారిలో మొదటి అడుగని తల్లికి తెలిసినట్టే ఉంది. చూపు కూతురి మీంచి కొడుకు మీదికి మళ్లించింది.

కొడుకు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు. అతని కళ్లలో ఇప్పుడు తల్లి లేదు. ఆకుపచ్చ స్టిక్కర్లు కనిపిస్తున్నాయి. బజార్లో వరసగా పేర్చిన పెట్టెలు కనిపిస్తున్నాయి. ఒక్కో పెట్టె మీద తన గది ముద్ర.

వచ్చి తల్లి ముందు వంగాడు. ఈసారి మొహం చూపించే మాట్లాడాడు. అవసరం ఉన్నప్పుడు మర్యాద ఎవరికైనా గుర్తొస్తుంది.

"అమ్మా, నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు. సరేనా? ఈ ప్లేయర్ తీసేసి పాతది పెడతాను. రేపే షట్టర్ తీస్తాను. నీ కత్తెర నీ చేతికి ఇస్తాను."

"ఊఁ."

"కాకపోతే ఇది మన నలుగురి మధ్యే ఉండాలి. బయట చెప్పొద్దు."

"ఏది? నాకు పిచ్చి అన్నదా, లేదన్నదా?"

"అది కాదమ్మా..."

"పిచ్చి అని చెప్పేటప్పుడు నలుగురి మధ్య ఎందుకు ఉంచలేదు? మీ మేనత్తకి చెప్పావు. కిరాణా కొట్టాయనకి చెప్పావు. నా దగ్గర పెళ్లి జాకెట్టు కుట్టడానికి ఇచ్చిన పిల్ల తల్లికి చెప్పావు. ఆవిడ వచ్చి కుట్టని గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. నా చెయ్యి నిమిరి, 'రెస్ట్ తీసుకోండమ్మా' అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పి వెళ్లింది. ఆ చెయ్యి విదిలించుకోలేక చచ్చాను. అది చాటేటప్పుడు ఊరంతా కావాలి. ఇది మాత్రం నలుగురి మధ్య."

"నా ఉద్యోగం పోతుందమ్మా. దానిదీ పోతుంది."

"నా పని తీసేసినప్పుడు నీకు ఆ మాట గుర్తురాలేదా?"

అతని చెయ్యి జేబు మీదికి వెళ్లింది. తాళంచెవి అక్కడే ఉందో లేదో చూసుకుంది. తియ్యలేదు.

కోడలు ఫోన్ తీసింది.

"ఎవరికి?" అన్నాడు.

"పెద్దాయనకి."

"పిచ్చి పని చెయ్యకు."

ఆ మాట నోటి నుంచి జారాక గానీ అతనికి వినపడలేదు. మిషనమ్మ పెదాలు చదివింది. "ఇంకొకళ్లకి మొదలైందట," అంది కూతురితో. "నీ డాక్టరుకి చెప్పు."

కోడలు స్పీకర్ ఆన్ చేసింది. ల్యాబ్ పెద్దాయన గొంతు దయగా, నిండుగా ఉంటుంది. సెలవురోజున ఫోన్ చేసినందుకు విసుక్కోలేదు. అంతా విన్నాడు. ఊఁ కొట్టాడు.

"చూడమ్మా," అన్నాడు. "ఇంట్లో సోఫాలో కూర్చుని చూసిందాన్ని పరీక్ష అనరు. రూలు ప్రకారం మళ్లీ మొదటినుంచి ఆడించారా?"

"ఆడిస్తే కనిపించదండీ. అదే చెప్తున్నాను."

"కనిపించనిదాన్ని లోపమని ఎలా రాస్తాం?"

"గంటల తరబడి చూసేవాళ్లకి కనిపిస్తుంది."

"మామూలు మనిషి మెదడు సర్దుకుపోతుందమ్మా. మీ అత్తగారికి వినికిడి సమస్య కదా. అలాంటివాళ్లు కొనేవాళ్లలో ఎంతమంది ఉంటారు?"

"ఎంతమంది ఉన్నా వాళ్లు కొన్నదీ మన స్టిక్కర్ చూసే."

ఆయన చిన్నగా నవ్వాడు. "ఆ స్టిక్కర్ మీద ఏముంది? బొమ్మ పరీక్షించాం, శబ్దం పరీక్షించాం అని ఉంది. రెండూ కలిపి పరీక్షించామని ఎక్కడైనా ఉందా? మనం అబద్ధం చెప్పలేదు."

కోడలు ఫోన్ నోటికి దగ్గరగా పట్టుకుంది. "అయితే రేపు నేను రెండు గదుల మధ్య తలుపు తీయిస్తాను. నల్లగుడ్డ తీసేస్తాను. పొద్దున ఆన్ చేసి సాయంత్రం చూస్తాను."

"రేపటి సంగతి రేపు," అన్నాడాయన, అదే దయతో. "మీకొచ్చిన పెట్టె ఒక్కటే పాడైనట్టుంది. మన వ్యాన్ ఆ వైపే ఉంది. మనిషిని పంపిస్తున్నాను. ప్లగ్ తీసి ఇచ్చెయ్యండి. కొత్తది పెట్టేస్తాడు."

"ప్లగ్ తీస్తే ఇక రుజువేమీ మిగలదండీ."

"మీ ఆయన పక్కనే ఉన్నాడా? అతనికి చెప్పానని చెప్పు. అతను అర్థం చేసుకుంటాడు."

ఫోన్ పెట్టేశాడు.

మిషనమ్మ ఇందాకట్నుంచీ ఆ ఫోన్ వైపు చూస్తోంది. దానికి పెదాలు లేవు. "ఏమన్నాడు?" అంది.

కోడలు మళ్లీ నేల మీద కూర్చుంది. ఆయన మాటలన్నీ ఒక్కటొక్కటే పెదాల మీద పెట్టి చెప్పింది. మెదడు సర్దుకుపోతుందన్నది చెప్పింది. అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారన్నది చెప్పింది. వ్యాన్ వస్తోందన్నది చెప్పింది. ఏదీ మెత్తబరచలేదు.

మిషనమ్మ చివరి మాట దాకా చదివింది. అంచు కుట్టేటప్పుడు గుడ్డని పట్టినట్టు చీర కొంగు చివర రెండు వేళ్ల మధ్య పట్టి నలుపుతోంది.

"నా ఒక్కదాని ఇంట్లోనే ఉందా ఈ పెట్టె?" అంది.

"కాదు. చాలా ఇళ్లలో ఉంది."

"ఆ ఇళ్లలో నాలాంటి చెవుల వాళ్లు ఉండరా?"

"ఉంటారు."

"వాళ్లు కూడా మూతి మూశాక మాట వస్తోందని చెప్పి ఉంటారు. వాళ్ల కొడుకులు కూడా ఆపి ఆన్ చేసి, బాగానే ఉందని చెప్పి ఉంటారు. ఆ ఇళ్లలో సౌండ్ గది కోడళ్లు ఉండరు కదా. వాళ్ల సూట్‌కేసులు ఈపాటికి ఎక్కడికి చేరి ఉంటాయి?"

ఈ ప్రశ్న ఆమె ఇంట్లోవాళ్లను అడిగింది. నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

కొడుకు ప్లేయర్ వైపు నడిచాడు. మెల్లగా, ఎవరి వైపూ చూడకుండా నడిచాడు. ప్లగ్ గోడ కింద ఉంది. వంగితే అందుతుంది.

అతనికి అక్క అడ్డం వచ్చింది. పొద్దున్నించీ తల్లిని తీసుకెళ్లడానికి తయారై కూర్చున్న కూతురే వచ్చి, ప్లగ్‌కి వీపు ఆనించి నేల మీద చతికిలబడింది.

"జరుగక్కా."

"జరగను."

"నీకు ఇందులో పోయేదేం లేదు. నీ ఉద్యోగం కాదు."

"నేను అమ్మ చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లానురా. దారంతా 'నాకేం కాలేదే' అంటూనే ఉంది. నేను పరాయి రోగికి చెప్పినట్టు సరే సరే అన్నాను. దీన్ని నువ్వు ఆపేస్తే, నేను చేసింది తప్పని నాకు నేను కూడా రుజువు చేసుకోలేను. వెళ్లి అటు కూర్చో."

అతను నిలబడిపోయాడు. తెర మీద జడ్జి లేచి వెళ్లిపోయాడు. ఖాళీ కుర్చీ చూపిస్తున్నారు. ఆ ఖాళీ కుర్చీలోంచి తీర్పు వినిపిస్తోంది.

వీధిలో బండి ఆగింది. తలుపు వేసిన చప్పుడు. తర్వాత షట్టర్ మీద ఎవరో అరచేత్తో కొట్టారు. "సార్, ల్యాబ్ నుంచి. పెట్టె కోసం వచ్చాను."

మిషనమ్మకి అది వినపడలేదు. ముగ్గురి తలలూ ఒక్కసారి ముందుగది వైపు తిరగడం మాత్రం చూసింది.

"వచ్చాడు కదూ," అంది.

పొద్దున్నించీ కదలని సూట్‌కేసు మీంచి లేచింది. కోడలు చెయ్యి ఇవ్వబోతే వద్దంది. నడిచి వెళ్లి, ముందుగదికీ హాలుకీ మధ్యనున్న తలుపు రెక్కలు రెండూ బార్లా తీసింది. చీకటి గదిలో గుడ్డ కప్పిన కుట్టుమిషను. దాని అవతల మూసిన షట్టర్. షట్టర్ కింది సందులోంచి రెండు బూట్ల నీడ.

వెనక్కి తిరిగింది. కొడుకు పెదాలు ఏదో చెప్పబోయాయి. చెయ్యి ఎత్తి ఆపింది.

"నువ్వు చెప్పింది చాలు. ఇప్పుడు నేను చెప్తాను, చూసుకో. ఆ తాళం తియ్యి. షట్టర్ పూర్తిగా ఎత్తు, సగం కాదు. నీకు నామోషీ అన్నావే, ఇల్లు బస్టాండులా ఉందని, ఇవాళ నిజంగానే బస్టాండు కావాలి. రోడ్డు మీద పోయేవాళ్లంతా ఆగి ఆ టీవీ చూడాలి. నాకు పిచ్చని ఎవరెవరికి చెప్పావో వాళ్లందర్నీ నువ్వే వెళ్లి పిలుచుకురా. కిరాణా కొట్టాయన్ని పిలువు. పెళ్లి జాకెట్టు పిల్ల తల్లిని పిలువు. ఆ డాక్టర్ని పిలువు. ఆ బూట్లవాణ్ణి కూడా లోపలికి రమ్మని కూర్చోబెట్టు, వాడి ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. అందరూ చూశాక, ఆ పచ్చ స్టిక్కర్ ఉన్న ప్రతి పెట్టె వెనక్కి రప్పించాలని నీ నోటితో నువ్వే చెప్పాలి. అప్పటిదాకా ఆ ప్లగ్ ఎవరూ ముట్టుకోరు."

చెయ్యి చాపి షట్టర్ వైపు చూపించింది. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలి దగ్గర కాయకాచిన చెయ్యి.

"రేపు కాదురా. ఇప్పుడు. తాళం తియ్యి."